హవా తక్కువ

ఫలక్‌నుమా ఎత్తు మీద నిండు బస్సును సైకిలుతో దాటిపోయిన మొనగాడు పాతబస్తీ మొత్తానికి ఒక్కడే. ఆ ఒక్కణ్ణీ నేనే. ఈ మాట ఆఫీసు క్యాంటీనులో చెప్పాను, పెళ్ళి భోజనాల దగ్గర చెప్పాను, కంటి ఆపరేషనుకు వెళ్ళి బల్ల మీద పడుకుని ఆ డాక్టరుకు కూడా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ ఎత్తు ఇంకొంచెం నిటారుగా లేచింది, బస్సు ఇంకొంచెం జోరందుకుంది. ఒకటి రెండుసార్లు డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నాకు సలాం కొట్టాడు కూడా. ఆ సలాం ఎప్పుడు వచ్చి చేరిందో నాకే తెలియదు. వచ్చింది కదా అని ఉండనిచ్చాను. చివరిసారి ఈ కథ చెప్పింది మొన్నీమధ్య, జల్‌పల్లిలో, మా అన్నయ్య సత్యం ఇంట్లో. అన్నయ్య కర్మలన్నీ అయిపోయిన మర్నాటి సాయంత్రం. ఇక చెప్పలేను.

జల్‌పల్లి ఇల్లు పెద్దదేం కాదు. వదిన రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో చిన్న ప్లాటు కొని వేసుకున్న రెండు గదులు, ముందు వరండా. అద్దె కుర్చీలు తిరిగి వెళ్ళిపోయాయి, షామియానా కర్రలు పాతిన గుంతలు మాత్రం వాకిట్లో మిగిలాయి. అగరొత్తుల వాసనా ఫినాయిలు వాసనా కలిసిపోయి, ఆసుపత్రిలో పూజ చేస్తున్నట్టుంది ఇల్లంతా. ముందు గదిలో అన్నయ్య మంచం ఉన్నచోట ఇప్పుడు వాళ్ళ మనవరాలు మైత్రి సైకిలు ఉంది. మైత్రి ఏదో కంపెనీలో పనిచేస్తూ తాతా నానమ్మల దగ్గరే ఉంటుంది. ఈ మధ్య ట్రయథ్లాన్ అనే ఒక పోటీకి తయారవుతోంది. ముందు ఈదాలట, ఒళ్ళు ఆరకుండానే సైకిలు తొక్కాలట, దిగిన వెంటనే పరుగెత్తాలట. సైకిలు వెనక చక్రాన్ని ఒక ఇనుప స్టాండుకు బిగించేసింది. ఎంత తొక్కినా అది గుమ్మం దాటదు. చావింట్లో ఇదేం పని అని చుట్టాల్లో ఎవరో గొణిగితే, మా వదిన శకుంతల, "తొక్కనియ్యిండ్రి. ఆ సప్పుడు లేకపోతే ఇల్లు తినెటట్టున్నది" అని తేల్చేసింది. వదిన వరండా గడప దగ్గర కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. అంతకు ముందు రెండు రోజులూ అదే పని చేసింది. అంత చింతపండు ఆ ఇంటికి ఏడాదికైనా అక్కర్లేదు.

మైత్రి హ్యాండిలు మీద మోచేతులు ఆనించి, నేల మీద ఏదో పడిపోతే వెతుకుతున్నట్టు వంగిపోయి తొక్కుతోంది. మణికట్టు మీది గడియారంలో గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో, కాళ్ళు ఎంత బలం పెట్టాయో అంకెలు పరుగెడుతున్నాయి.

"అంతలా వంగితే నడుం పట్టెయ్యదుటే?" అన్నాను.

"పట్టేస్తుంది చిన్నతాతా. అలవాటు చెయ్యాలి. మన బలమంతా గాలిని తోసుకుంటూ పోవడానికే ఖర్చైపోతుంది తెలుసా? కాళ్ళు ఎంత పెంచినా లాభం లేదు, ముందు గాలి తగ్గించుకోవాలి."

గాలి తగ్గించుకోవాలి. ఆ మాట వినగానే నా లోపల ఎక్కడో, సైకిలు వాల్వు మర వదులు చేసినప్పటి చప్పుడు వినిపించింది. స్స్... మని. మైత్రి దిగి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, కిటికీ గట్టు మీది నుంచి ఏదో తెచ్చి నా చేతిలో పెట్టింది. ప్యాంటు చైనులో పడకుండా చీలమండకు పెట్టుకునే ఇనుప క్లిప్పు. తుప్పు పట్టి, ఒక కొస విరిగింది. "తాతయ్య షేవింగు డబ్బాలో దొరికింది. తాతయ్య సైకిలు రేసుల్లోకి వెళ్ళేవాడని పెద్దకర్మ రోజు ఎవరో అన్నారు. నిజమా? నాతో ఒక్కసారి కూడా అనలేదే!"

అడిగింది నన్ను. అడిగితే నేను ఊరుకుంటానా?

అప్పుడు మేం సంతోష్‌నగర్‌లో నర్సయ్యగారింట్లో మేడ మీద వాటాలో ఉండేవాళ్ళం. మాది తెనాలి వైపు. నాన్న ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆయనా అమ్మా అన్నయ్యా ముందే ఇక్కడికి వచ్చేశారు, నన్ను మాత్రం చదువు చెడుతుందని అమ్మమ్మ దగ్గర వదిలేశారు. నేను కాలేజీకని వచ్చేసరికి అన్నయ్య సగం ఈ ఊరివాడైపోయాడు. గల్లీలో హిందీ, ఉర్దూ, తెలుగు మూడూ కలిపి అలవోకగా మాట్లాడేవాడు. నాకు అప్పటికి ఉర్దూలో వచ్చినవి తిట్లు మాత్రమే, అవీ సమయానికి గుర్తొచ్చేవి కావు. కింది వాటాలో నర్సయ్యగారు, నీళ్ళ డిపార్టుమెంటులో ఫిట్టరు. వాళ్ళమ్మాయే శకుంతల, తర్వాత మా వదినైంది. పొద్దున నల్లా వచ్చే వేళకు బిందెల వరసలో నిలబడి, ఎవరినైనా ఒక్క మాటతో కూర్చోబెట్టేసేది. ఆ ఏడే నర్సు ట్రైనింగుకు కాయితాలు పెట్టుకుని, పిలుపు కోసం ఎదురుచూస్తోంది. ఆ పిలుపు రాకపోతే వాళ్ళ మేనమామకిచ్చి చేసేస్తారని మేడ మీదికి కూడా తెలుసు.

అన్నయ్యకు చదువు అబ్బలేదు. సైకిలు అబ్బింది. ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఆటగాళ్ళకు ఉద్యోగాలిస్తారని, సైకిలు రేసుకు కూడా మనుషుల్ని తీసుకుంటున్నారని గఫార్ ఉస్తాద్ కబురు తెచ్చాడు. ఉస్తాద్ ఒక బడిలో డ్రిల్లు మాస్టరు. వయసులో ఉన్నప్పుడు రేసులు తొక్కాడట. గడ్డానికి గోరింటాకు, నోట్లో పాను, మెడలో ఈల. ట్రయల్స్ కిషన్‌బాగ్ అవతల రోడ్డు మీద జరుగుతాయన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇంకో మాట లేదు. ఆ ఉద్యోగం వస్తే అన్నయ్య జీవితం ఒక దారిన పడుతుంది. రాకపోతే మదీనా బజారు వైపు ఏ బట్టల కొట్టులోనో తానులు చింపుకుంటూ బతకాలి. నాన్న ఈ మాటను రోజుకొకసారి అన్నయ్య వినేలా గోడతో చెప్పేవాడు.

అన్నయ్యకు బలం కోసం అమ్మ ఉలవలు మొదలుపెట్టింది. ఉలవలంటే మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. రాత్రి నానబోసి, తెల్లవారుతూనే బొగ్గుల కుంపటి మీదికి ఎక్కించేది. ఉడికిన గింజలు అన్నయ్యకు గుగ్గిళ్ళు, ఆ నీళ్ళు చిక్కగా మరిగించి మిగతా అందరికీ చారు. ఆ వాసన మేడ దిగి, నర్సయ్యగారి జొన్నరొట్టెల వాసనను దాటుకుని, వీధిలోకి పోయేది. "ఇది ఇల్లా, గుర్రాల సాలా?" అని అమ్మే విసుక్కునేది, మళ్ళీ తనే కుంపటి విసిరేది. కింద నుంచి శకుంతల మెట్ల మీదికి తల పెట్టి, "పిన్నీ, గుర్రాన్ని గిట్ల సాదుతున్నరా ఏంది మీద? మాకు సకిలింపు వినబడుతలేదు" అనేది. అన్నయ్య సకిలించేవాడు. అంత సిగ్గరి మనిషి, ఆ ఒక్కచోట మాత్రం సకిలించేవాడు. నాకు అప్పుడు అందులో ఏమీ వినబడలేదు.

ఒక ఆదివారం ఉస్తాద్ మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాకుండా గడప అవతల స్టూలు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన చారు తాగి, పాత రేసుగాడికి తగ్గట్టు బుగ్గలు పొంగించి ఊపిరి వదిలాడు. అన్నయ్య వైపు చెయ్యి చూపిస్తూ నాన్నతో అన్నాడు: "లడ్కే మే దమ్ హై, రావ్ సాబ్. మగర్ హవా బహోత్ ఖారా. ఉస్కో బోలో, హవా కమ్ కరో. హవా కమ్, తో సబ్ కామ్."

పిల్లాడిలో దమ్ముంది, కానీ నిటారుగా కూర్చుని తొక్కుతూ ఎదురుగాలంతా తింటున్నాడు, వంగి గాలి తగ్గించుకోమను. ఆయన చెప్పింది అదీ. మైత్రి చెప్పింది కూడా అదే. కానీ మా నాన్నకు తెలిసిన హవా ఒక్కటే. సైకిలు షాపు వాడు పంపు పెట్టి కొట్టేది. మా నాన్న ఈ ఊరొచ్చి నేర్చుకున్న మొదటి ఉర్దూ మాట అది. దాని మీద ఆయనకు గట్టి నమ్మకం. ఉస్తాద్ వెళ్ళిన తర్వాత చాలాసేపు ఆలోచించి, మొహం వెలిగిపోతుండగా వచ్చి మాకు బోధపరిచాడు: "చూశావుట్రా కిటుకు! టైర్లలో గాలి తక్కువుంటే సైకిలు బరువుగా నడుస్తుంది. బరువు సైకిలు తొక్కీ తొక్కీ కాలు ఉక్కవుతుంది. ఊరికే పెద్దవాళ్ళవుతారా!"

ఆ మర్నాటి నుంచి అది మా ఇంట్లో సంధ్యావందనంలా సాగింది. నాన్న పొడుం పీల్చి, కండువా భుజాన వేసుకుని, మెట్లు దిగి, సైకిలు దగ్గర గొంతుకూర్చునేవాడు. వాల్వు మర రవ్వంత వదులు చేసేవాడు. స్స్... మని గాలి పోతుంటే కళ్ళు మూసుకుని వినేవాడు, వీణ శ్రుతి చేస్తున్నట్టు. తర్వాత కుడిచేతి బొటనవేలితో టైరు నొక్కి చూసేవాడు. వేలు ఎంత లోపలికి పోవాలో ఆయనకే తెలుసు. చాలనిపిస్తే మర బిగించి, బొటనవేలు కండువాకు తుడుచుకుని, "ఊఁ, ఇహ వెళ్ళు" అనేవాడు. అంతకు ముందు ఆయన అన్నయ్యను మెచ్చుకోగా నేను వినలేదు. ఆ "ఊఁ, ఇహ వెళ్ళు" మా నాన్న నోట్లోంచి వచ్చిన అతి మెత్తని మాట. అన్నయ్య దానికోసమే నిలబడి ఉండేవాడేమో అనిపించేది. అది చాలదన్నట్టు వెనక క్యారియర్ మీద బరువు కూడా పెట్టించేవాడు నాన్న. రేసు సైకిలుకు క్యారియర్ ఏమిటని ఉస్తాద్ నవ్వితే, ట్రయల్ రోజు అక్కడే స్పానరుతో విప్పేద్దామన్నాడు. చలికాలమంతా అన్నయ్య ఆ మెత్తటి టైర్లతో సంతోష్‌నగర్ నుంచి చాంద్రాయణగుట్ట, అక్కణ్ణుంచి జల్‌పల్లి చెరువు, మళ్ళీ వెనక్కు. ఇప్పుడు ఆయన ఇల్లున్న ఈ నేల అప్పుడు ఒట్టి బండరాళ్ళూ తుమ్మచెట్లూ.

ఇక్కడికొచ్చాక మైత్రి నా మొహంలోకి చూసి, "మరి బస్సును దాటింది?" అంది. ఆ కథ చిన్నప్పటి నుంచి నా నోట వింటూనే ఉంది మరి. ఇప్పుడామె వాళ్ళ తాత గురించి అడుగుతోంది. తాత మంచం లేదు, ఫోటోకు వేసిన దండ ఇంకా పూర్తిగా వాడలేదు. నాకు కొంచెం సిగ్గేసింది. అందుకని కొంత దిగాను. "దాటిన సైకిలు మీ తాతదే. తొక్కింది కూడా మీ తాతే. నేను వెనక క్యారియర్ మీదున్నాను. ఆ చలికాలమంతా వాడి బరువును నేనే. ఇంకో సంగతి, బస్సు పరుగెత్తడం లేదు. రేడియేటరు మరిగిపోయి, ఎత్తు మధ్యలో పొగలు కక్కుతూ నిలబడి ఉంది. అదీ అసలు నిజం."

వదిన తలెత్తి నావైపు ఒకసారి చూసి మళ్ళీ పిక్కల్లోకి దిగింది.

ట్రయల్ రోజు పొద్దున కూడా నాన్న గాలి తీశాడు. తీసి, ఉస్తాద్‌తో కలిసి మొదటి బస్సుకే వెళ్ళిపోయాడు, ముందుండి ఏర్పాట్లు చూడాలని. గుగ్గిళ్ళ డబ్బా నాకు అప్పజెప్పింది అమ్మ. అన్నయ్య నన్ను క్యారియర్ మీద ఎక్కించుకున్నాడు, ఫలక్‌నుమా ఎత్తులో ఆగిన బస్సును దాటాం, కిషన్‌బాగ్ చేరాం. ఇలాగే చెప్పాను మైత్రికి. కొంచెం ఆలస్యంగా చేరాం. అన్నయ్య చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నాన్న మండిపడ్డాడు. "ఎక్కడ చచ్చావురా? పిలిచేస్తున్నారు!" అంటే, "చైను పడింది నాన్నా" అన్నాడు అన్నయ్య. గబగబా క్యారియర్ విప్పారు. ఉస్తాద్ సైకిలును లైను దగ్గరికి నడిపించబోయి, ఆగి, టైరు మీద చెయ్యి వేశాడు. రెండో టైరు మీద వేశాడు.

"యే క్యా హై? హవా కహాఁ గయీ?"

నాన్న ముందుకొచ్చాడు, ఛాతీ విరుచుకుని. "మీరు చెప్పిందేగా ఉస్తాద్! హవా కమ్. రోజూ నా చేత్తో నేనే తీశాను."

ఉస్తాద్ ఆయన్ను చూశాడు, అన్నయ్యను చూశాడు, పాను ఉమ్మేశాడు. అక్కడున్న మిగతా రేసువాళ్ళు ముందు నవ్వారు. ఉస్తాద్ నవ్వలేదు. వంగి నిలబడి చేతులు రెండూ వెనక్కు చాపి, ఇటు నుంచి గాలి, ఇటు నుంచి గాలి అని, చెవిటివాడికి చెప్పినట్టు సైగలతో చెప్పాడు. నాన్నకు అర్థమైన క్షణం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఆయన తన బొటనవేలి వంక చూసుకున్నాడు. ఎవరో పంపు తెచ్చారు, ఆదరాబాదరా గాలి కొట్టారు, ఈల వేశారు. మొదట అన్నయ్య బాణంలా పోయాడు. అందరికన్నా ముందు మలుపు తిరిగాడు కూడా. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం దూరం నుంచే తెలిసిపోయింది, తొక్కడం లేదు, లాక్కొస్తున్నాడు. ఒకడు దాటాడు. ఇంకొకడు దాటాడు. చివరికి, తీసుకునే వాళ్ళలో ఆఖరి వాడికి ఒక్క చక్రమంత దూరంలో ఆగిపోయాడు మా అన్నయ్య.

ఆ తర్వాత నాన్న ఇంక ఏ సైకిలూ ముట్టుకోలేదు. అన్నయ్య బట్టల కొట్టులో చేరాడు, ఒంట్లో ఓపికున్నంత కాలం అదే సైకిలు మీద వెళ్ళి తానులు చింపి వచ్చాడు. ఒకసారి మేడ మీద ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను, "నీకు ఉర్దూ వచ్చు కదరా, హవా అంటే ఏమిటో మొదటిరోజే తెలియలేదూ?" అని. "తెలుసురా. నాన్న ఎన్నడూ నా సైకిలు దగ్గరికి రాలేదు. వచ్చి కూర్చున్నాక ఎట్ల చెప్తాను?" అన్నాడు. దాన్నే నేను తర్వాత పెళ్ళిళ్ళలో నలుగుర్నీ నవ్వించడానికి వాడుకున్నాను, మా నాన్న మా అన్నయ్య ఉద్యోగానికి గాలి తీసేశాడని. అందరూ నవ్వేవారు. అన్నయ్య కూడా ఆ బంతిలోనే ఉండేవాడు, ఆకులోకి చూస్తూ.

వదిన నర్సు ట్రైనింగులో చేరింది, ఉద్యోగం వచ్చింది. అన్నయ్య ఆమెను చేసుకుంటానన్నాడు. కులం వేరు, ప్రాంతం వేరు, పైగా ఓనరుగారి పిల్ల. అమ్మ అన్నం మానేసింది. నాన్న ఇల్లెక్కి అరుస్తాడనుకున్నాం. ఆయన కండువాతో బొటనవేలు తుడుచుకుంటూ, "వాడి బతుకు నా చేత్తో నేనే పాడుచేశాను. వాడడిగింది కాదనడానికి నాకు నోరెక్కడుంది?" అన్నాడు. అంతే, పెళ్ళైపోయింది. చివరి రోజుల్లో నాన్న మంచాన పడ్డప్పుడు సేవంతా వదినదే. మతి తప్పాక కూడా ఆ కుడిచేతి బొటనవేలు మాత్రం పరుపు అంచును నొక్కి నొక్కి చూసేది. కళ్ళు తెరిచినప్పుడల్లా, "గాలి సరిపోయిందా?" అని అడిగేవాడు. అన్నయ్య ఆ చెయ్యి పట్టుకుని, "సరిపోయింది నాన్నా" అనేవాడు. ఆయన నమ్మేవాడు కాదు. కాసేపటికి మళ్ళీ అడిగేవాడు.

ఇక్కడ ఆపాను. బయట వెలుతురు పోతోంది. పక్క ప్లాటులో ఎవరో కొత్త ఇంటి గోడలకు నీళ్ళు కొడుతున్నారు. మైత్రి సైకిలు చక్రాన్ని వేలితో ఊరికే తిప్పుతోంది. ఇప్పుడు టైరులో ఎంత గాలి ఉండాలో చెప్పే ముల్లు ఆ పంపుకే ఉంది. ఎదురుగాలి ఎంత, కాలి బలం ఎంత, గుండె ఎంత అన్నీ విడివిడిగా కనబడతాయి. అవన్నీ కలిపి మా నాన్న ఒక్క వేలితో చూశాడు, తప్పు చూశాడు. కానీ మైత్రి తెల్లారి సైకిలెక్కే ముందు ఎవరూ గుమ్మంలో కూర్చుని "ఊఁ, ఇహ వెళ్ళు" అనరు. అనడానికి ఒక్కడుండేవాడు, పోయాడు. అన్నాడో లేదో కూడా నాకు తెలియదు. నేను ఎప్పుడో పండక్కీ పబ్బానికీ వచ్చి కథలు చెప్పి వెళ్ళేవాణ్ణి.

చక్రం తిప్పుతూనే మైత్రి అంది: "ఒక్కటి అర్థం కావట్లేదు చిన్నతాతా. ముత్తాత తప్పేముంది ఇందులో? మెత్తటి టైర్లతో అన్నాళ్ళు తొక్కితే కాళ్ళకు మంచిదే, చెడు జరగదు. రేసు ముందు గాలి కొట్టేశారు కదా. తాతయ్య ఓడింది టైర్ల వల్ల కాదు. మలుపు దాకా అందరికన్నా ముందున్నాడంటే దమ్ముంది. తిరిగొచ్చేటప్పుడు ఆగిపోయాడంటే, రేసుకు ముందే కాళ్ళు అయిపోయాయి. రేసు రోజున, గాలి లేని టైర్లతో, వెనక ఒక మనిషిని పెట్టుకుని ఆ ఎత్తు ఎక్కుతారా ఎవరైనా? నిన్నెందుకు ఎక్కించుకున్నాడు అసలు?"

నా గొప్పకోసం ఎక్కిన క్యారియరు నా నెత్తి మీదికే వచ్చింది. "అప్పుడు నేను... బక్కగా ఉండేవాణ్ణిలే" అన్నాను.

"పోనీ చైను ఎక్కడ పడింది?"

"చైనా? ఇంజన్‌బౌలి దాటాక..."

"చైను పడలే" అంది వదిన గడప దగ్గర్నుంచి.

చేతికి అంటిన చింతపండు గిన్నె అంచుకు గీకేసి, కొంగుతో తుడుచుకుని, మావైపు తిరిగి కూర్చుంది. "ఈయన్ను ఎక్కించుకోలే బిడ్డా. ప్రాక్టీసుకు ఈయన ఏ ఒక్కనాడన్న లేస్తే గదా! క్యారియర్ మీద ఉలవల మూట కట్టెటోడు మీ ముత్తాత. ఆ దినం ఆ ఎత్తు మీద ఎనక కూసున్నది నేను."

మైత్రి చక్రం తిప్పడం ఆపేసింది.

"నాకు ఆ పొద్దే ఇంటర్వ్యూ. కిషన్‌బాగ్ దాటినంక దవాఖానల. మా బాపు డ్యూటీల ఉండె, ఒక్కదాన్నే బస్సెక్కిన. నడిమిట్ల బస్సు ఉడికిపోయి ఆగింది. యాళ్ళకు పోకుంటే నన్ను మా మేనమామకిచ్చుడే. దిగి రోడ్డు మీద ఏడ్సుకుంట నిలవడ్డ. మీ తాత ఎనకకెల్లి వచ్చిండు, చూసిండు, 'ఎక్కు' అన్నడు. టైర్లల్ల హవా లేదు, రిమ్ము రాళ్ళకు తగులుతుండె. దిగి నడుస్త అంటే దిగనియ్యలే. నీ రేసు ఉన్నది గదా అంటే, 'రేసు మళ్ళొస్తది' అన్నడు. నన్ను దవాఖాన గేటు కాడ దింపి మళ్ళ ఎనుకకు ఉరికిండు. నాకు వచ్చింది. ఆయనకు పోయింది. నేను తిన్న ఉద్యోగం ఆయనది."

"మరి నాన్నకు చెప్పకపోయారా వదినా?" అన్నాను. "ఆయన అన్నేళ్ళు ఆ వేలు..."

"ఎట్ల చెప్తం? మామ మా పెండ్లికి సరే అన్నదే ఆ తప్పు మీద. తప్పు నీది కాదు, ఈ పిల్లది అంటే నన్ను గడప ఎక్కనిస్తుండెనా? పెండ్లి అయినంక చెప్దామనుకున్నం. ఇయ్యాల రేపనుకుంటనే ఆయనకు మతి తప్పింది. నేనే ఒళ్ళు తుడుస్తుంటి, ఆ వేలు నా చెయ్యి మీద ఒత్తి ఒత్తి చూస్తుండె." వదిన చింతపండు గిన్నె పక్కకు జరిపింది. "నువ్వేమో పెండ్లిపెండ్లికి మామ గాలి తీసిండని నవ్విస్తివి. మీ అన్న ఎన్నడన్న నవ్విండా, చూసినవా?"

చూడలేదు. ఆ రోజు బస్సు చల్లారి మళ్ళీ కదిలాక జనం అనుకుంటుంటే విన్నాను, ఎవడో పోరడు మనల్ని దాటిపోయాడని, వెనక ఎవరో కూర్చున్నారని. ఆ ఎవరో ఎవరని నేనెప్పుడూ అడగలేదు. ఖాళీ జాగా కనబడితే కూర్చోవడం నాకలవాటు. క్లిప్పు ఇంకా నా గుప్పిట్లోనే ఉంది, విరిగిన కొస అరచేతిలో గుచ్చుకుంటోంది. మైత్రి వచ్చి దాన్ని నా వేళ్ళలోంచి మెల్లగా తీసుకుని, వాళ్ళ నానమ్మ పక్కన నేల మీద కూర్చుంది.

"అయితే చిన్నతాత ఎక్కడున్నాడు నానమ్మా అప్పుడు?"

"ఏడుంటడు? అదే బస్సుల. సీటు దొరికిందని నోరు తెరుసుకొని నిద్రవోతుండె, ఒళ్ళె ఉలవల డబ్బా పెట్టుకొని."